మీటర్లో 70, నావిగేషన్‌లో 67: ఏది నమ్మాలి?

కారు మీటరు గంటకు 70 మైళ్లు చూపుతుంటే ఫోన్ నావిగేషన్ 67 అంటోంది, ఏది నమ్మాలని అడిగారు కదా. బ్రిటన్ వచ్చి, పాత కారు కొని మోటర్‌వే ఎక్కిన ప్రతివారికీ వచ్చే అనుమానమే మీది కూడా. కంగారు పడకండి, కారు పాడవలేదు. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన. ఎక్కువైతే మాత్రం పది శాతం, దానిపైన గంటకు 4 కిలోమీటర్ల దాకా చూపించొచ్చు. నిజంగా 70 మైళ్ల వేగంతో పోతుంటే 79 చూపినా తప్పు కాదన్నమాట. మిగతా నియమాలు ప్రభుత్వ సైట్లో చూసుకోండి.

నావిగేషన్ వేగాన్ని ఉపగ్రహాల సిగ్నల్‌తో లెక్కగడుతుంది. అందుకే ఆకాశం బాగా కనబడే తిన్నని రోడ్డు మీద, ఒకే వేగంతో పోతున్నప్పుడు నావిగేషన్ అంకే నిజానికి దగ్గర. బ్రేకు వేసినా, యాక్సిలరేటర్ తొక్కినా అది కాస్త వెనకబడుతుంది. సొరంగాల్లో, లండన్ ఎత్తు మేడల మధ్య దాన్ని నమ్మొద్దు.

అసలు చూడాల్సింది టైర్లు. మీటరు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది. టైరు పక్కన 205/55 ఆర్16 అని సైజు రాసి ఉంటే దాని వ్యాసం సుమారు 632 మి.మీ. గాడి లోతు 8 నుంచి 1.6 మి.మీ.కి అరిగితే వ్యాసం 619కి దిగుతుంది, మీటరు ఇంకో 2 శాతం ఎక్కువ చూపుతుంది. దాంతో జేబుకు నష్టం లేదు. పాత ఓనరు 205/60 వేయించి ఉంటేనే చిక్కు: వ్యాసం 652. మీటరు 3 శాతం తక్కువ చూపుతుంది, మీ వెసులుబాటంతా అక్కడే పోతుంది. కొనే ముందే టైరు పక్కనున్న అంకెలను కారు మాన్యువల్‌తో పోల్చుకోండి.

సరిచూసుకోవడం తేలిక. మోటర్‌వే పక్కన నీలం లొకేషన్ బోర్డులు సాధారణంగా 500 మీటర్లకొకటి ఉంటాయి. మీటరును 60 దగ్గర నిలకడగా ఉంచి, ఒక బోర్డు నుంచి దాని తర్వాత వచ్చే పదో బోర్డు దాకా (అంటే 5 కిలోమీటర్లు) పట్టే సమయాన్ని పక్కసీటువారిని చూడమనండి. 186 సెకన్లయితే నిజంగా 60. 195 పడితే అసలు వేగం 57.4.

తేడా తెలిసింది కదా అని ఆ రెండు మూడు మైళ్లు వాడుకోకండి. వేగం మించి దొరికితే కనీసం 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 తప్పుల పాయింట్లు. జరిమానా ఒక్కసారితో పోతుంది, ఇన్సూరెన్స్ భారం మాత్రం ఏళ్ల తరబడి మోయాలి. ఇక్కడ టెస్టు పాసైన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దు. వేగం చూసుకుందామని ఫోన్ చేత్తో పట్టుకున్నారా, ఒక్క దెబ్బకే 6 పాయింట్లు, 200 పౌండ్లు. బయల్దేరే ముందే స్టాండులో బిగించండి.