మామగారు భోంచేసే చప్పుడు భరించలేకపోతున్నాను. నేను చెడ్డదాన్నా?

"ఆయన చాలా మంచివారు, అయినా ఆయన నమిలే చప్పుడు వింటే ఒళ్లు మండిపోతోంది" అని రాశారు. మీరు చెడ్డవారు కాదండీ. నాకిది పదకొండో ఏట మొదలైంది, ఇప్పుడు నలభై రెండు.

మహబూబ్‌నగర్‌లో మా నాన్న సాయంత్రం చాయ్ సాసరులో పోసుకుని జుర్రుకునేవారు. మొదటి గుక్కకే నా దవడలు బిగుసుకునేవి. మూడో గుక్కకు పుస్తకం వదిలేసి డాబా మీదికి పరుగెత్తేదాన్ని. అదే అమ్మ జొన్నరొట్టె తడుతుంటే, అది ఇంకా పెద్ద చప్పుడే, హాయిగా వింటూ కూర్చునేదాన్ని.

దీన్ని మిసోఫోనియా అంటారు. వినికిడి మీద పరిశోధన చేసే జాస్ట్రెబాఫ్ దంపతులు 2001లో పెట్టిన పేరు. 2017లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటివారికి ఆ చప్పుళ్లు వినిపించి చూస్తే, మెదడులో ఇన్సులా అనే భాగం మిగతావారికంటే బాగా ఎక్కువగా స్పందించింది, గుండె వేగమూ పెరిగింది. అంటే మీరు ఆలోచించేలోపే ఒంట్లో కోపం పుట్టేస్తుంది. ఈ సంగతి తెలిశాక నేను ఎంత ఏడ్చానో!

ఒకరోజు నేను నాన్న మీద అరిచాను. ఆయన మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి చాయ్ తాగడానికి బస్టాండు దగ్గరి హోటలుకు వెళ్లడం మొదలుపెట్టారు. నెల తర్వాత, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, "తప్పు మీది కాదు నాన్నా, నా చెవులు అలాంటివి" అన్నాను. "ముందే చెప్పవద్దా బిడ్డా" అన్నారు. ఇప్పుడు నేను పుట్టింటికి వెళితే, ఫ్యాను వేశాకే సాసరు అందుకుంటారు.

కాబట్టి భోజనాల దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి. కోడలిగా నేరుగా చెప్పడం కష్టమే, ముందు మీవారితో చెప్పండి. మామగారికి ఎదురుగా కాక పక్కన కూర్చోండి, కదిలే దవడ కనిపించినా కోపం పెరుగుతుంది. ఫ్యానో, రేడియోనో సన్నగా మోగనివ్వండి. రోజంతా చెవుల్లో దూది మాత్రం వద్దు. నేను రెండేళ్లు పెట్టుకున్నాను, చివరికి గోడగడియారం టిక్కుటిక్కు కూడా భరించలేని స్థితికి వచ్చాను.

కోపం పిల్లల మీదికి మళ్లుతున్నా, భోజనం మానేస్తున్నా సైకాలజిస్టును కలవండి. నాకు సీబీటీ అనే చికిత్స (మన ఆలోచనల్నీ, స్పందించే తీరునీ మాటల ద్వారా మార్చుకోవడం నేర్పేది) పనికొచ్చింది. చప్పుడు ఆగలేదు, కానీ పళ్లెం ముందు నుంచి లేచిపోవడం ఆగింది. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.