షాట్‌గన్ మన ఒంటికి సరిపోవాలంటారు, ఎందుకు?

రైఫిల్‌కి వెనక సైట్, అంటే కన్ను వైపు గురి చూసుకునే గుర్తు ఉంటుంది. మామూలు షాట్‌గన్‌కి ఉండేది బారెల్ చివర చిన్న పూస మాత్రమే. వెనక సైట్ పని మన కన్నే చేయాలి. ఎగిరే టార్గెట్ మీద చూపు నిలిపి కొడతాం, పూసను సరిచూసుకునే టైమ్ ఉండదు. కాబట్టి గన్ ఎత్తిన ప్రతిసారీ కన్ను ఒకే చోటికి రావాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కోంబ్, అంటే స్టాక్‌లో (భుజానికి ఆనించే గన్ వెనక భాగం) చెంప ఆనే పైఅంచు. అది ఎత్తైతే దెబ్బ పైకి పోతుంది, తగ్గితే కిందికి. కన్ను నుంచి బారెల్ చివరికి 1 మీటరు అనుకోండి. కన్ను 5 మిల్లీమీటర్లు జరిగితే చాలు, 30 మీటర్ల దూరంలో గుళ్లు సుమారు 15 సెంటీమీటర్లు తప్పుతాయి.

స్టాక్ పొడవు ఎక్కువైతే ఎత్తేటప్పుడు చంక దగ్గర బట్టలకు తట్టుకుంటుంది. తక్కువైతే పేల్చినప్పుడు బొటనవేలు ముక్కుకు తగలొచ్చు (ఒక్కసారి తగిలితే మర్చిపోరు). మోచేతి మడతలో బట్ (స్టాక్ వెనక కొస) పెట్టి కొలిచే పాత పద్ధతిని నేను నమ్మను. మెడ పొడవు, భుజాల వెడల్పు అందులో లెక్కకు రావు. కుడిచేతివాటం వాళ్లకు స్టాక్‌ను కొంచెం కుడికి వంచడం కూడా కన్ను బారెల్ వరసలోకి రావడానికే.

గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన వైపు తిరిగి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరిచాక పూస కోసం తల జరపాల్సి వస్తే స్టాక్ సరిచేయించుకోవాల్సిందే.