ముందు వరుస కుర్చీ ఎవరిది?

పోయిన సంచికలో ఫ్యాషన్ బ్లాగర్ల మీద రెండు పేజీలు వేశాం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. బ్లౌజు కొలతలు, హెయిర్ కలర్ అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా, నేను ఫ్యాషన్ డిజైన్ రెండో సంవత్సరం. బ్లాగర్లు వచ్చాకే ఫ్యాషన్ పత్రికలు మూతపడ్డాయని మా క్లాసులో అందరూ అంటారు. ప్రాజెక్టులో అదే రాసేద్దామనుకుంటున్నా. కరెక్టేనా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రాసేయకమ్మా, అందులో నిజం పావలా వంతే. ముందు డబ్బు సంగతి చూడు. 2007 సెప్టెంబరు నెల అమెరికా వోగ్ పత్రిక 840 పేజీలు, అందులో 727 పేజీలు ప్రకటనలే. అంటే చదివేవాళ్లు బుక్‌స్టాల్లో ఇచ్చే డబ్బుతో కాదు, సెంట్లు, వాచీలు, హ్యాండ్‌బ్యాగుల కంపెనీలు పోసే డబ్బుతో ఆ పత్రికలు నడిచేవి. మరుసటి ఏడాది అమెరికాలో మాంద్యం వచ్చింది, కంపెనీలు ముందు కోత పెట్టింది యాడ్ బడ్జెట్‌కే. అప్పటికి బ్లాగర్లలో ఎక్కువమంది ఇంట్లో కూర్చుని సరదాకి రాసుకునేవాళ్లు, వోగ్ యాడ్లు లాక్కుపోయేంత సీను వాళ్లకి లేదు.

బ్లాగర్లు నిజంగా కొట్టిన దెబ్బ టైము మీద. సెప్టెంబరులో షో జరిగితే ఆ బట్టలు పత్రికలో కనిపించేసరికి ఫిబ్రవరి, మార్చి అయ్యేది. సరుకు షాపుల్లోకి వచ్చేదీ అప్పుడే కాబట్టి ఎవరికీ తొందర ఉండేది కాదు. బ్లాగరేమో షో అయిన రాత్రే హోటల్ గదిలో లాప్‌టాప్ తెరిచి, ఫోటోలు పెట్టేసి, ఏది నచ్చింది ఏది చెత్త అని మొహమాటం లేకుండా రాసేసేవాడు. ఆర్నెల్ల తర్వాత అదే గౌను ఆర్ట్ పేపరు మీద ఎంత అందంగా వేసినా అప్పటికే జనానికి మొహం మొత్తిపోయేది.

వాళ్లు తెచ్చినవన్నీ కొత్తవీ కావు. 2005లో న్యూయార్క్‌లో స్కాట్ షూమన్ ‘ది సార్టోరియలిస్ట్’ అనే బ్లాగు మొదలుపెట్టి, రోడ్డు మీద పద్ధతిగా తయారైన మనుషుల్ని ఆపి ఫోటోలు తీసి పెడితే అబ్బో అన్నారు గానీ, న్యూయార్క్ టైమ్స్‌కి బిల్ కన్నింగ్‌హామ్ 1978 నుంచీ వీధుల్లో తిరిగి ఆ పనే చేస్తుండేవాడు, సైకిలు మీద, నీలం రంగు కోటు వేసుకుని. పత్రికలు కూడా వీళ్లని శత్రువుల్లా చూసిందేమీ లేదు. షూమన్‌కి మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక జీక్యూ తన పేజీల్లో చోటిచ్చింది. లండన్‌లో 2006లో ‘స్టైల్ బబుల్’ మొదలుపెట్టిన సూసీ లావ్‌కి డేజ్డ్ పత్రిక తన వెబ్‌సైట్లో ఉద్యోగమే ఇచ్చింది.

గొడవ ముదిరింది కుర్చీల దగ్గర. 2009 సెప్టెంబరులో మిలాన్‌లో డోల్చే అండ్ గబ్బానా అనే బట్టల కంపెనీ షోకి బ్లాగర్లని ముందు వరుసలో కూర్చోబెట్టి, ఎదురుగా లాప్‌టాప్‌లు పెట్టారు. షూమన్, ఫ్రెంచి అమ్మాయి గారాన్స్ డోరే, కెనడా నుంచి టామీ టన్, ఫిలిప్పీన్స్ నుంచి బ్రయన్‌బాయ్. ఫ్యాషన్ షోలో ముందు వరుసంటే మన పెళ్లిలో మొదటి బంతి లాంటిది, ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది ఇంటికెళ్లాక కూడా చెప్పుకుంటారు. ఏళ్ల తరబడి పని చేసి ఆ వరుస దాకా వచ్చిన ఎడిటర్లకి అది ఎలా తగిలి ఉంటుందో నువ్వే ఊహించుకో. అయితే పిలిచింది ఎవరు? బట్టల కంపెనీయే కదా. ఏ ఫోటో ఎక్కువమందికి, ఎంత తొందరగా వెళ్తుందో వాళ్లు లెక్క వేసుకున్నారు, అంతే.

ప్రాజెక్టుకి మంచి ఉదాహరణ కావాలంటే ‘లక్కీ’ని తీసుకో. 2000లో వచ్చిన షాపింగ్ పత్రిక అది, ఏ వస్తువు ఎంత, ఎక్కడ దొరుకుతుంది అన్నదే దాని సరుకు. ఆ పని బ్లాగులు ఉచితంగా, రోజుకి రెండుసార్లు చేయడం మొదలెట్టాయి. 2015 ఫిబ్రవరి సంచిక కవర్ మీద లక్కీ ముగ్గురు బ్లాగర్ల బొమ్మ వేసింది. ఆ ఏడాదిలోనే మూతపడింది. టీన్ వోగ్ అచ్చు 2017లో, గ్లామర్ 2019లో, ఇన్‌స్టైల్ 2022లో ఆగిపోయాయి. కానీ ఆ సరికి బ్లాగులు మాత్రం ఎక్కడున్నాయి? రాసేవాళ్లు, చూసేవాళ్లు అందరూ ఇన్‌స్టాగ్రామ్‌కి మకాం మార్చేశారు. ఈ సంగతి నీ ప్రాజెక్టులో లేకపోతే మీ లెక్చరర్ మార్కులు కొయ్యాలి.

ప్రశ్న: 13 ఏళ్ల అమ్మాయి బ్లాగు రాసి పారిస్ ఫ్యాషన్ షోకి వెళ్లిందని మీరు వేసిన పేజీని మా అమ్మాయి అద్దం పక్కన అంటించుకుంది. ఎనిమిదో తరగతి, చదువు మానేసి రీల్సే. మీరే ఏదో ఒకటి చెప్పండి.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: పేజీ చింపకండి, మిగతా కథ చెప్పండి. టావీ గెవిన్సన్ది షికాగో పక్కన ఓక్ పార్క్. 11 ఏళ్లప్పుడు, 2008లో, ‘స్టైల్ రూకీ’ మొదలుపెట్టింది. సెకండ్ హ్యాండ్ బట్టలు, ఇంటి పెరట్లో ఫోటోలు, వాటి కింద పొడుగాటి వ్యాసాలు. ఆ వయసు పిల్ల ఇలా రాయగలదా, వెనక పెద్దవాళ్లెవరో ఉన్నారని అనుమానపడ్డవాళ్లు కూడా ఉన్నారు. 2010 జనవరిలో పారిస్‌లో డియోర్ కంపెనీ షోలో తల మీద ఇంత పెద్ద రిబ్బను బో టోపీలా పెట్టుకుని కూర్చుంటే, బ్రిటిష్ ఫ్యాషన్ పత్రిక గ్రాజియా నుంచి వచ్చినావిడ ఈ పిల్ల టోపీ అడ్డం వచ్చి షో కనబడట్లేదని ట్విటర్లో విసుక్కుంది. అందరికీ గుర్తుండిపోయింది ఆ బోనే.

మీ అమ్మాయికి చెప్పాల్సింది తర్వాత జరిగింది. ఆ పిల్లకి హార్పర్స్ బజార్ పత్రికలో కాలమ్ వచ్చింది, కావాలంటే ఆ దారినే పోవచ్చు. తనేమో 2011లో, 15 ఏళ్లకి, ‘రూకీ’ అని టీనేజ్ పిల్లల కోసం సొంత ఆన్‌లైన్ పత్రిక పెట్టి, వేరే అమ్మాయిలు రాసినవి దిద్ది వేసింది. అందులో మంచివి ఏరి నాలుగు పుస్తకాలుగా అచ్చు కూడా వేయించింది. బ్లాగుతో పేరొచ్చిన పిల్ల ఏరికోరి అచ్చులోకి వచ్చిందండీ. 2018లో రూకీని ఆపేసేటప్పుడు డబ్బు ఇబ్బందుల గురించి కూడా దాచకుండా రాసింది. కాబట్టి ఫోను లాక్కోవడం కంటే ఒక షరతు పెట్టి చూడండి: ప్రతి డ్రెస్సుకీ పది వాక్యాలు రాయాలి, ఆ బట్ట ఏమిటి, ఎవరు కుట్టారు, ఎందుకు నచ్చింది. పది వాక్యాలు రాయడానికి బద్ధకిస్తే అది పోజులిచ్చే సరదా, తగ్గిపోతుంది. రాసిందనుకోండి, ఒకటి మాకు పంపించండి.

ప్రశ్న: మీ పత్రికలవాళ్లకి బ్లాగర్లంటే కుళ్లు. ఒప్పుకోండి.
– పేరు రాయలేదు, విశాఖపట్నం

జవాబు: ఉందండీ, కాదంటే ఎవరు నమ్ముతారు. 2016 సెప్టెంబరులో మిలాన్ షోలు అయ్యాక వోగ్ వెబ్‌సైట్ ఎడిటర్లు ఒక సంభాషణ వేసుకున్నారు. డబ్బు తీసుకుని గంటకో డ్రెస్సు మార్చే బ్లాగర్లు దయచేసి వేరే పని చూసుకోండి, స్టైల్‌ని మీరే చంపుతున్నారు అన్నది దాని సారం. దానికి సూసీ లావ్ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ నచ్చుతుంది: పత్రికల్లో యాడ్లు ఇచ్చిన కంపెనీల బట్టలే కదా ఫోటోషూట్లలో ఎక్కువ కనపడేది, మేము చేసేది బయటికి కనపడుతుంది, మీది కనపడదు, తేడా అదే అని. ఆ మాటకి ఏ ఎడిటరూ గట్టిగా ఎదురు చెప్పలేరు. పైగా అప్పటికి ఏడాదిన్నర ముందే, 2015 ఏప్రిల్లో, స్పెయిన్ వోగ్ కవర్ మీద ఉన్నది ‘ది బ్లాండ్ సలాడ్’ నడిపే కియారా ఫెర్రాన్యీ. అమ్ముడుపోవాలంటే బ్లాగరు కావాలి, మర్యాదకి మాత్రం పనికిరాదు!

ప్రశ్న: మేడమ్, మాది చేనేత చీరల షాపు. ఇన్‌స్టాలో పేరున్న ఒకావిడకి రెండు చీరలు ఉచితంగా పంపాను. ‘యాడ్’ అని వేస్తే జనం నమ్మరు, వేయకుండా పెడతానంటోంది. పత్రికల్లో మాత్రం డబ్బిచ్చి రాయించుకోవడం లేదా? వదిలేయనా?
– మంగళగిరి నుంచి ఒక వ్యాపారి

జవాబు: వదిలేయకండి. బ్లాగర్లూ పత్రికా కలిసి ఇరుక్కున్న కేసు ఒకటి చెబుతా వినండి. 2015లో అమెరికాలో లార్డ్ అండ్ టేలర్ అనే పెద్ద బట్టల దుకాణం 50 మంది ఫ్యాషన్ బ్లాగర్లకి ఒకే గౌను పంపింది, మన మామిడి పిందెల డిజైనుదే. దాంతోపాటు ఒక్కొక్కరికీ 1,000 నుంచి 4,000 డాలర్లు. ఎలా వేసుకోవాలో వాళ్ల ఇష్టం, కానీ పెట్టబోయే పోస్టు ముందే దుకాణానికి చూపించాలి. ఒకే వారాంతంలో అందరూ పెట్టారు, గౌను మొత్తం అమ్ముడైపోయింది. నైలాన్ అనే పత్రికకి కూడా డబ్బిచ్చి వ్యాసం రాయించారు, దాన్నీ దుకాణమే చూసి ఓకే చేసింది. డబ్బు సంగతి బ్లాగర్లూ చెప్పలేదు, పత్రికా చెప్పలేదు. 2016లో వినియోగదారుల తరఫున చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి, ఇకపై ఇలా చేయకూడదని కట్టడి చేసింది. ఇక్కడ గమనించండి, కేసు పడింది డబ్బిచ్చిన దుకాణం మీద. అంటే మీ స్థానంలో ఉన్నవాళ్ల మీద.

మన దేశంలోనూ ప్రకటనల ప్రమాణాల మండలి, ఆస్కీ, 2021 జూన్ నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకి నియమాలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా ఇచ్చిన చీర కూడా లెక్కలోకే వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంది. రెండు చీరలకి అంత టెన్షన్ అవసరమా? పత్రికల సంగతి అడిగారు కాబట్టి, డబ్బు తీసుకుని వేసే పేజీ మీద ‘ప్రకటన’ అని కనపడేలా వేయాలి, మూలన చీమ తలకాయంత అక్షరాలతో వేసేవాళ్లున్నారు, అదీ తప్పే.

అసలు ‘యాడ్’ అని వేస్తే నమ్మరన్నది ఆవిడ భయం, మీది కానక్కర్లేదు. చీర కట్టుకుని గిర్రున తిరగడం కాకుండా మీ మంగళగిరి చీరలకి పేరు తెచ్చిన నిజాం అంచుని దగ్గరగా చూపించమనండి, తిరగేసి లోపలి వైపు కూడా. గుంట మగ్గం మీద నేస్తుంటే ఓ నిమిషం వీడియో తీయించండి. మంగళగిరికి 2013లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ మాట చెప్పించండి, ధర కూడా చెప్పించండి. ‘ధర ఇన్‌బాక్స్‌లో’ అనడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: బ్లాగుల్లో డ్రెస్సు ఫోటో కింద ఉండే లింకు నొక్కి కొంటే వాళ్లకి ఏమొస్తుంది? మనకి ధర పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ఆ వ్యాపారానికి మీ ఊరితో చుట్టరికం ఉంది. 2011లో డల్లాస్‌లో ఆంబర్ వెన్జ్ మొదలుపెట్టిన రివార్డ్‌స్టైల్ కంపెనీ ఈ లింకుల పద్ధతిని ఫ్యాషన్ బ్లాగర్ల దగ్గర బాగా పాకించింది. మీరు ఆ లింకు మీదుగా వెళ్లి కొంటే షాపు తన ధరలోంచి కొంత శాతం కమీషన్ బ్లాగరుకిస్తుంది, మీ బిల్లు మీద విడిగా ఏమీ పడదు. ఇప్పుడు పెద్ద పత్రికల వెబ్‌సైట్లు కూడా ఇదే చేస్తున్నాయి, ‘ఈ వారం కొనదగిన పది’ లాంటి శీర్షికలన్నీ చాలావరకు దాని కోసమే. కాకపోతే కమీషన్ లేని మంచి వస్తువు ఆ జాబితాలో కనపడే అవకాశం తక్కువని గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా ఇంట్లో అటక నిండా పాత ఫ్యాషన్ పత్రికలు. అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా, తూకానికి వేసెయ్యమంటున్నారు మావారు.
– కాకినాడ నుంచి ఒక గృహిణి

జవాబు: అన్నీ ఫోన్లో ఉంటాయని ఆయనకెవరు చెప్పారు? షోల ఫోటోలన్నిటికీ పెద్ద దిక్కుగా 2000లో మొదలైన స్టైల్.కామ్ 2017కల్లా మాయమైపోయి, ఆ అడ్రసు కొడితే వేరే బట్టలమ్మే సైటు తెరుచుకుంది. ఫోటోల్ని వోగ్ తన దగ్గరికి మార్చుకుంది కాబట్టి సరిపోయింది, ఆ అదృష్టం చిన్న చిన్న బ్లాగులకి లేదు. 90ల నాటివీ, తెలుగు పత్రికలవీ ముందు విడిగా తీయండి, యాడ్ పేజీలు చింపకండి, ఆ కాలపు చీరల ధరలు, షాపుల అడ్రసులు ఉండేది వాటిలోనే. అటక మీద చెదలు పడతాయి, బీరువాలో ఎండిన వేపాకు వేసి పెట్టుకోండి. వంటల పేజీలు మాత్రమే ఉన్న సంచికలు మీవారికి ఇచ్చేయండి, తూకానికి వేసుకుంటారు.