బరువులెత్తితే పొడుగు ఆగిపోతుందా?

మీ అబ్బాయికి 14 ఏళ్లు, ఫుట్‌బాల్ కోసం బరువులెత్తిస్తే పొడుగు ఆగిపోతుందేమో అన్నారు. ఆగదండి. నేర్పేవాడు పక్కనుండి పద్ధతిగా చేయిస్తే ఎముకకి మంచిదే. కానీ జిమ్ ఫీజు కట్టేముందు ‘ఫిఫా 11 ప్లస్’ (ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి దెబ్బలు తగ్గించడానికి ఫిఫా తయారుచేసిన వ్యాయామాల వరస) వార్మప్ మొదలెట్టించండి. 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు, ఖర్చు సున్నా.

అందులో తొడ వెనక కండరాలకి చేసే ‘నార్డిక్ హామ్‌స్ట్రింగ్’ వ్యాయామం మీద కన్నేయండి. మోకాళ్ల మీద నిలబడతాడు, వెనక ఇంకొకడు కాళ్లు గట్టిగా నొక్కి పట్టుకుంటాడు. నడుము వంచకుండా మెల్లగా ముందుకి వాలాలి, ఇక ఆపుకోలేనప్పుడు చేతులు నేలకి ఆనించాలి. మొదట్లో 3 నుంచి 5 సార్లు చాలు. మర్నాడు తొడ వెనక పట్టేస్తుంది, కంగారుపడకండి (మావాడైతే మెట్లు దిగడానికి ఏడ్చాడు).

మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పెడితే మాత్రం గెంతులు ఆపించి డాక్టరుకి చూపించండి. ఎదిగే వయసులో వచ్చే ఆస్‌గుడ్-ష్లాటర్ అనే మోకాలి సమస్య కావచ్చు.