బంగారం పోసే ముందు

అమలాపురం

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఫేజ్ కాంట్రాస్ట్ ఎక్స్‌రేకి, అదే, కిరణాలు ఒంట్లో ఎంత వంగాయో చూసి బొమ్మ తీసే ఎక్స్‌రేకి, గ్రేటింగులు, అంటే సన్నటి గీతల పలకలు, నువ్వే తయారు చేయబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. పొద్దున్నే వీధంతా చెప్పొచ్చాను. రాత్రికి గాభరా మొదలైంది.

సిద్ధాంతం నీకు నేను చెప్పేదేముంది? 2006లో ఫైఫర్ అనే శాస్త్రవేత్త బృందం మూడు గ్రేటింగులు పెట్టి మామూలు ఎక్స్‌రే ట్యూబ్‌తోనే పని జరిపించింది. మాస్కు, లితోగ్రఫీ (గీతల నమూనాని పలక మీద అచ్చు వేసే పని) నేర్పేవాళ్లు అక్కడే ఉంటారు. నీ తిప్పలన్నీ డిటెక్టర్ ముందుండే మూడోదానితోనే. పీరియడ్, అంటే గీతకీ గీతకీ దూరం, కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), కిరణాల శక్తి పెరిగితే గోడల ఎత్తు వంద మైక్రాన్లు దాటాలి, ఆ సందుల్లో బంగారం నింపాలి.

మా ల్యాబ్‌లో ఓ సీనియర్ ఉండేవాడు, చెయ్యి తిరిగిన మనిషి. పెద్ద సార్లు చూడ్డానికొస్తున్నారన్న టెన్షన్‌లో రెసిస్టు (అచ్చుకి వాడే ప్లాస్టిక్ లాంటి పొర) గోడల్ని నీళ్లతో కడిగి, నైట్రోజన్ కొట్టి ఆరబెట్టేశాడు. పైకి తళతళలాడుతోంది. ఓ మూల విరిచి మైక్రోస్కోపులో చూద్దామని ట్రైనీ కుర్రాడు అంటే కసిరి, నేరుగా ప్లేటింగుకి, అంటే కరెంటుతో బంగారం నింపడానికి, పంపాడు. తీరా ఎక్స్‌రే వేస్తే చారలు ఉండాల్సిన చోట మచ్చలు! ఆరే నీటి తలతన్యత గోడల్ని జతలు జతలుగా లాగేసింది. తడి తగిలిన ఆత్రేయపురం రేకుల్లా అతుక్కుపోయాయి, వాటి చుట్టూ బంగారం గడ్డకట్టింది. పోయిన బంగారం మీద విచారణ జరిగింది. ఆ కుర్రాణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాటా అడగలేదు, నాకిప్పటికీ అదే కోపం.

అందుకని నీటిని ఆల్కహాల్‌తో, ఆల్కహాల్‌ని ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో మార్చి, 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి దాటించి ఆరబెట్టు. అప్పుడు ద్రవానికి ఉపరితలమే ఉండదు, ఇంక లాగేదెవరు? గోడల మధ్య సన్నటి వంతెనలు డిజైన్‌లోనే పెట్టుకో. కాస్త బంగారం తగ్గితే తగ్గనీ.

ప్లేటింగుకి సైనైడ్ బాత్ (ద్రావణం) జోలికి వెళ్లకు, సల్ఫైట్‌ది ఉందిగా! మీ గైడ్ వినకపోతే, ఆ సైనైడ్ దరిదాపుల్లో యాసిడ్ సీసా ఉంచనివ్వకు. రాత్రిళ్లు ఒక్కదానివీ ఉండకు. పెద్దాయన చాదస్తం అనుకున్నా సరే, ఇది మాత్రం విను.

ఇంకోటి. ఆ మూడో గ్రేటింగు ఉండేది రోగి వెనక. ఒంట్లోంచి వచ్చిన కిరణాల్లో దాదాపు సగం మింగేస్తుంది. మరి డోసు (రోగికి తగిలే రేడియేషన్) సంగతేంటో మీ గైడ్‌ని అడిగి రాయి. మీ పెద్దమ్మ మామోగ్రామ్‌కి కాకినాడ వెళ్తూ ఉంటుంది, నన్నూ అడుగుతోంది.

సున్నుండలు పంపుతోంది. ల్యాబ్‌లోకి తీసుకెళ్లకు, చేతులు కడుక్కుని హాస్టల్లోనే తిను.

మీ పెదనాన్న