జెండా దిగని మెయిలుపెట్టె

చిరంజీవి చిన్నికి పెద్దనాన్న ఆశీర్వదించి రాసేది.

నీ డెబియన్ లినక్స్ డెస్క్‌టాప్‌లో కొత్త మెయిల్ రాగానే తెలిసే ఏర్పాటు నువ్వే చేసుకోబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, బెంగగానూ ఉంది. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలుగా ‘న్యూ’ డైరెక్టరీలో పడుతుంది గనుక, ఫైళ్ళలో మార్పును తెలిపే ఐనోటిఫైతో దానిని కనిపెట్టి ఉండి, తెర మీద సందేశం చూపే నోటిఫై-సెండ్‌ను పిలిచే చిన్న స్క్రిప్టు చాలు. దానిని, వేళకు పనులు నడిపే క్రాన్‌లో మాత్రం పెట్టకు. క్రాన్‌కు నీ డెస్క్‌టాప్ సెషన్ చిరునామా తెలియదు గనుక సందేశం నీ తెరకు చేరదు.

అసలు నేను రాయదలచినది నా తప్పు గురించి. బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఒక కుక్క పేరు పెట్టుకున్న, మెయిల్ వచ్చిందని చెప్పే బిఫ్ ప్రోగ్రాముకు వారసుడైన ఎక్స్‌బిఫ్ నా తెర మూలన మెయిలుపెట్టె బొమ్మగా ఉండేది. అది 30 సెకన్లకొకసారి మెయిల్ ఫైలును చూసి, కొత్తది వస్తే పెట్టె మీది జెండా ఎత్తేది. ఫైలు మారిన సమయం కంటే చదివిన సమయం తరువాతిదైతే దించేది. మా ల్యాబ్‌లో యంత్రం నెమ్మదించిందని, చదివిన ప్రతిసారీ ఆ సమయాన్ని డిస్కు మీద రాయడం దండగ అనుకుని, నేను ఫైల్‌సిస్టమ్‌ను ఆ రాతను ఆపే నోఎటైమ్ ఎంపికతో మౌంట్ చేశాను. ఆనాటి నుంచి ఉత్తరాలు చదివినా జెండా దిగలేదు, వారం తిరిగేసరికి నా కన్ను దానిని చూడడమే మానేసింది. డిస్కు పాడవుతోందని, డిస్కు ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్‌డీ మెయిల్‌లో పంపిన హెచ్చరిక ఒక బుధవారం నేను భోజనానికి వెళ్ళినప్పుడు వచ్చింది. శుక్రవారం డిస్కు చచ్చిపోయేదాకా నేను ఆ జెండా ఎదురుగానే కూర్చుని పనిచేశాను. బ్యాకప్ తీయడానికి రెండు రోజులు చేతిలో ఉండగా, ఒక విద్యార్థిని నాలుగు నెలల లెక్కలు పోగొట్టాను. ఆ పిల్ల ఒక్క మాటైనా అనకుండా గుమ్మంలో నిలబడిపోయింది.

2009 నాటి 2.6.30 లినక్స్ కెర్నెల్ నుంచి, చదివిన సమయాన్ని అవసరమైనప్పుడు మాత్రమే రాసే రెలటైమ్ దానంతటదే అమలులో ఉంటున్నందున ఆ చిక్కు చాలావరకు తీరింది. అయినా ఎస్‌ఎస్‌డీకి మేలని ఎవరైనా చెప్పగా మౌంట్ ఎంపికలుండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో నోఎటైమ్ రాశావేమో చూడు. యంత్రపు నిర్వాహక ఖాతా అయిన రూట్‌కు వచ్చే ఉత్తరాలను నీ పేరుకు మళ్ళించు. ప్రకటనల మెయిళ్ళకు కూడా గంట మోగిస్తానంటే నేను ఒప్పుకోను. అలా మోగితే నీ చెవి కూడా నా కన్నులాగే అలవాటు పడిపోతుంది, తల్లీ. రాత్రిళ్ళు మేలుకుని ఇవన్నీ చేయకు. ఒక ఉత్తరం నీకు నువ్వే పంపుకుని, చదివాక గుర్తు తొలగిందో లేదో చూసి, నాకు రాయి.

మీ పెద్దనాన్న