ఆమె నడవడి గురించి కోర్టులో అడగొచ్చా?

ప్రశ్న: మా బంధువుల అమ్మాయి అత్యాచారం కేసు పెట్టింది. తనకు ఇంతకుముందు ఒక స్నేహితుడు ఉండేవాడన్న సంగతి అవతలి లాయరు కోర్టులో లాగుతాడేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. కేసు వెనక్కి తీసుకోమంటున్నారు పెద్దవాళ్లు. నిజంగా అలా అడగనిస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అడగనివ్వకూడదమ్మా. ఒకప్పుడు అడిగేవాళ్లు, చట్టమే అందుకు వీలిచ్చేది. మహారాష్ట్రలో 1972లో పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి మథుర కేసులో, ఒంటిమీద గాయాల్లేవు, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, మహిళా సంఘాలు రోడ్డెక్కాయి, 1983లో చట్టం మారింది. మన హైదరాబాద్‌లోనూ 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన రమీజాబీ అత్యాచార ఘటనలో, భర్తను కూడా పోగొట్టుకున్న బాధితురాలినే వ్యభిచారిణిగా చూపించాలని ఎంత ప్రయత్నించారో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాధితురాలి నడవడి మంచిది కాదని వాదించే వెసులుబాటును 2003లో తీసేశారు. సమ్మతి ఉందా లేదా తేల్చడానికి పాత సంబంధాలు పనికిరావని 2013లో ఇంకా స్పష్టంగా రాశారు, కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే ఉంది. బాధితురాలికి లైంగిక సంబంధాలు అలవాటేనా అని తేల్చే పేరుతో డాక్టర్లు చేసే రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా కొందరు లాయర్లు అడ్డదారిలో అడుగుతూనే ఉంటారు. అప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే కేసు నడిపే ప్రభుత్వ లాయరు, లేచి అభ్యంతరం చెప్పాలి, కాబట్టి విచారణకు ముందే ఆయన్ని కలిసి ఈ భయం సంగతి చెప్పండి. విచారణ ఎలాగూ తలుపులు మూసే జరుగుతుంది. కేసు వద్దనే పెద్దలను మాత్రం ఆ అమ్మాయికి కాస్త దూరంగా ఉంచండి.